రెండు వేళ్ల సందు

ఓట్ల ఫ్లెక్సీ బోర్లేసినం.
ఎవరి మొహమో నేలకు, తెల్ల వీపు పిల్లలకు.
పసుపు, బొగ్గు, ఉడికిన మోదుగుపూల నీళ్లు,
సీసా మూతల ఇంత నీలిమందు.
అంతే రంగులు. దేవరకొండ బజార్ల కొందామంటే
ఈ నెల బిల్లు రాలే.

అందరు గలిసి ఒక్కటే బొమ్మెయ్యిన్రి అన్న.
చక్రధర్ గలువలే.
బొగ్గు వట్టి ఆ కొస నుంచి ఈ కొసకు గీసి
"ఇది నా గెట్టు, ఎవలొచ్చినా ఊకోను" అన్నడు.
నాలుగేండ్ల నోట్ల వాళ్ల నాయిన గొంతు.
నీలిమందు మూత తొడకాడికి జరుపుకున్నడు.

రూప్లి తండా నుంచి రావట్టి పదకొండు దినాలు.
ఇప్పటిదాక మాట లేదు.
గుడ్డు వెడితె తెల్లది తిని
పచ్చది గౌను జేబుల దాస్తది, ఇంటికాడి చెల్లెకు.
ఇయ్యాల పసుపుతోని చేను గీసింది,
మొలకలు మొలకలు, వేలికొసంత.
శానసేపు దాన్నే చూసి
నీలం దిక్కు చెయ్యి జాపి
"పాణి" అన్నది.

నాకు తట్టకముందే
గౌసు ఎగిరి దునికిండు:
"టీచర్, మా ఇంట్ల గూడ గిదే అంటరు!
నీళ్లు గావాల్నంట దానికి!"
పదకొండు దినాల సంది బొమ్మల కార్డులు వట్టుకొని
కాకి, కుక్క అనిపియ్యజూస్తున్న నేను.
తాళంచెవి పక్క పిల్లగాని నోట్ల ఉన్నదని
నాకేం ఎరుక?

చక్రి ఇయ్యలే.
గౌసు గుంజిండు, చక్రి రక్కిండు,
లాస్య ఊకెనే ఏడ్చింది.
నేను లేవబోయి, ఎందుకో మల్ల కూసున్న.

జరసేపైనంక వాడే
ఆ పసుపు చేను దిక్కు చూసిండు.
బోరు కాడ నాయినెంట తిరిగే పిలగాడు,
నీళ్లందని మడి ఎట్లుంటదో వానికి తెలుసు.
బొగ్గు గీతను వేలితోని రుద్ది
మడవ తీసిండు, రెండు వేళ్లంత.
నీలం వోసి "ఇగ చాలు" అన్నడు.
సన్నగ గెట్టు దాటింది నీలం.
రూప్లి దానికి వేలు వెట్టి తొవ్వ చూపింది.

గంతే. గుడ్ల కాడ మల్ల కొట్టుకున్నరు.
తడి ఆరకముందే ఎవలదో కోడి
చేన్లకెల్లి నడిచి
గడపదాక నీలం అడుగులేసి పోయింది.

రేపు సూపర్‌వైజరమ్మ వస్తది.
"తోటి పిల్లలతో పంచుకుంటున్నాడా?"
రిజిస్టర్ల అవునుకు ఒక గడి, కాదుకు ఒక గడి.
పెన్ను వట్టుకొని కూసున్న.
రెండు వేళ్ల సందు
ఏ గడిల రాయాలె?