మనిషికి ఒక్క ప్రశ్న

రామ్‌నగర్‌లో నా జిరాక్స్ షాపు షట్టర్ సగం దించి
లోపల ఐదుగురం సర్దుకున్నాం.
ఆదివారం తార్నాకకి ఆవిడ వస్తోంది.
మనిషికి ఒక్క ప్రశ్న, నిమిషం టైము,
సంతకాలు మాత్రం ఎన్నైనా పెడుతుందట.

"ఒక్కటేనా!" అన్నడు ఓదేలు,
మెట్రోలో గేటు తెరుచుకోకపోతే జనం పెట్టే మొహం పెట్టి.
రోజూ ఆ గేటు పక్కనే కదా వాడి డ్యూటీ.
డ్యూటీ చార్టు వెనకాల ఇరవై రెండు రాసుకొచ్చాడు.

నీడల మీద పన్ను వేసిన రాజ్యంలో
మిట్టమధ్యాహ్నం ఎంత కట్టాలె?
గవ్వలకోటకి ఏడే తలుపులని చెప్పి
ఐదో సంపుటంలో ఎనిమిదోది ఎట్ల తెరిచిన్రు?
పడవ చుక్కయ్యకి రెండు చెవులూ లేవు గద,
వాన పిలిస్తే ఎట్ల ఇన్నడు?

"ఇవి ప్రశ్నలు కాదురా, ఆడిట్" అంది తహసీన్.

తహసీన్ పొద్దున ఆరింటి నుంచి ల్యాబులో రక్తం తీస్తుంది.
ఏడ్చే పిల్లలకి నరం దొరికేలోపు
చుక్కయ్య పడవెక్కించి తిప్పుతుంది.
తెలుగు చదవడం ఆ పుస్తకాలతోనే నేర్చింది,
'ఋ' దగ్గర ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది.
తన ప్రశ్న చీటీ మీద కాదు, అరచేతిలో రాసుకుంది:
చుక్కయ్యను చంపిన రోజు
మీరు అన్నం తిన్నారా?

కాసేపు మెషీన్ చల్లారే చప్పుడు తప్ప ఏమీ లేదు.

షారోను ఇంటర్ సెకండియర్. ఏడో సంపుటం కొని
కవరు కూడా చింపలేదు.
చదివితే అయిపోతుందని భయం.
"నేనేం అడగను, ముందు వరసలో కూర్చుంటా" అంది.
ఆ మాట అందరికీ కొంచెం అసూయగా తగిలింది.

అప్పుడు ఓదేలు తొమ్మిదో నెంబరు చదివాడు.
మేం ఇరవయ్యేళ్లుగా కొట్లాడుకుంటున్నది.
మొదటి సంపుటం, నూట పన్నెండో పేజీ,
అమావాస్య రాత్రి కోట గోడ మీద
వెన్నెల ఎట్ల కాసింది?

రెండో చంద్రుడున్నాడని తహసీన్.
గవ్వలే వెలిగాయని నేను.
పంచాంగం తేడా అని ఓదేలు.

సుగుణాకర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.
పెట్టుకోలేదు.
"ఆమె రాసింది 'చీకటి కాసింది' అని.
ప్రూఫులు నావే.
చీకటి ఎక్కడైనా కాస్తుందా, చెయ్యి జారిందనుకున్నా.
కొట్టేసి వెన్నెల పెట్టా.
అప్పటికి నేనింకా కథ చదవడంలేదు,
అక్షరాలు చదువుతున్నా."

ఓదేలు నోరు తెరిచాడు, మూశాడు.
చీకటి కాసింది.
లోలోపల ఒకసారి అనుకుని చూశా.
గోడ మొత్తం మారిపోయింది.

"ఆదివారం నాది ప్రశ్న కాదమ్మా, తప్పొప్పుల పట్టిక.
దానికీ నిమిషమే ఇస్తారా?"

"చెప్పకండి అంకుల్" అంది తహసీన్ నెమ్మదిగా,
"మా అమ్మీ పోయిన రాత్రి
ఆ పేజీయే చదువుకున్నా. వెన్నెలే ఉండనీ."
షారోను మాత్రం, "చెప్పాలి" అంది.
అంతకు మించి దాని దగ్గర కారణం లేదు.

నా వంతు వచ్చింది. ఏమడగను?
పుస్తకం ఎక్కడా దొరకని రోజుల్లో
మొదటి సంపుటం నూట నలభై కాపీలు తీసి
స్పైరల్ వేసి అమ్మింది ఈ షాపులోనే.
ఓదేలు చేతిలో ఉన్నదీ అందులో ఒకటే.
ఆయన ఒక్కసారి తప్పు దిద్దితే
నూట నలభై సార్లు వెలిగించింది నేను.

ఇద్దరం ఒకే నిమిషంలో పడతామేమో, సార్ని అడగాలి.

బయట ఎవరో షట్టర్ మీద కొట్టి
ఆధార్ కార్డు, రెండు వైపులా, అన్నారు.
లేచి మెషీన్ ఆన్ చేశా.
ఓదేలు పెన్ను తీసి తొమ్మిదో దాని మీద గీత కొట్టాడు,
మళ్లీ ఆ గీత మీదే ఇంకో గీత కొట్టి
"ఇంక ఇరవై ఒకటి" అన్నడు.