గులాబీ గళ్ల కాగితం

జీపు ఎక్కలేని ఆఖరి మూడు మైళ్లూ
ఈసీజీ పెట్టె నా వీపు మీదే.
ముందు డాక్టర్ నెలీదా ఆరాన్సిబియా,
చంకలో రిజిస్టరు, నోట్లో కోకా ఆకు.
కోచబాంబా కొండల్లో అప్పుడామెకు ముప్పై మూడు, నాకు పందొమ్మిది.
కెచువా వచ్చని నన్ను కుదుర్చుకుంది.
మొదటిరోజు నేర్పిన పాఠం ఒక్కటే:
ఎలక్ట్రోడు చల్లగా ఉంటుంది,
కాసేపు నీ అరచేతిలో పెట్టుకుని
అప్పుడు అంటించు.

ఆ పురుగు పేరు వించూకా.
మట్టిగోడ నెర్రెల్లో పగలంతా నిద్ర,
దీపం ఆర్పాక దిగొచ్చి
బుగ్గ మీద నొప్పి తెలియకుండా కుడుతుంది.
ఇరవై ఏళ్లు ఏమీ జరగదు.
ఒకనాడు బంగాళదుంపలు తవ్వుతూ తవ్వుతూ
మనిషి చాల్లోనే కూలబడతాడు.

గుండె చెరువైందని మాటవరసకి అంటారు.
నేను ఎక్స్‌రేలో చూశాను.
ఫోర్తునాతో చోకె పక్కటెముకల కింద
ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నీడ.
"నాది పెద్ద గుండె డాక్టరమ్మా" అని తనే నవ్వాడు.
పేస్‌మేకర్ దొరకగానే కబురు పెడతానంది.
దొరికేసరికి
అతని పొలం తమ్ముడు దున్నుతున్నాడు.

ఆ క్రిమిని చంపే మాత్ర మీద ఆమె పరిశోధన.
పన్నెండు ఊళ్లు, ఆరువందల నలభై మంది.
సగానికి మందు, సగానికి ఉత్త పిండిబిళ్ల,
ఏది ఎవరికో ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు.
ఏటేటా అవే ఛాతీలు,
అవే గులాబీ గళ్లు.
గుండెలో కుడివైపు తీగ చెడితే
గీత కుందేలు చెవుల్లా రెండుగా చీలుతుంది.
ఆ చెవులు కనపడిన పూట
ఆమె సూపు చల్లారిపోయేది.

పంతొమ్మిదో ఏట కవరు చించారు.
రక్తంలో క్రిమి తగ్గింది.
చావులు తగ్గలేదు.
రాత్రంతా లెక్క మళ్లీ వేసింది, పెన్సిలుతో, మళ్లీ.
తెల్లారి ఉన్నదున్నట్టు రాసి పంపింది.
బ్వేనోస్ ఐరెస్ సభలో ఎవరో
మరి మీ సలహా ఏమిటని అడిగితే
"గోడలు మెత్తించండి, పసిపిల్లల్నుంచి మొదలుపెట్టండి" అందట.
ముందు వరసలో ఒకాయన నవ్వాడట.
దానికామె ఏమందో నాకు చెప్పలేదు.

ఆ తర్వాత మేం మోసింది సిమెంటు కూడా.
ఆమెకి తాపీ పట్టడం చివరిదాకా రాలేదు.

మొన్న, పదవీ విరమణకి వారం ముందు,
"ఏదీ, నాకొకటి తియ్యి" అంటూ తనే బల్ల మీద పడుకుంది.
ఎన్నేళ్లు ఆ ఇళ్లలో, ఆ గోడల వారగా
చాపల మీద నిద్రపోయాం ఇద్దరం!
ఎలక్ట్రోడు అరచేతిలో పెట్టుకున్నాను.
ఎప్పటికన్నా కాస్త ఎక్కువసేపే.

కాగితం బయటికొచ్చింది.
నేను చించలేదు. తనే చించుకుంది,
కిటికీ వెలుగులో పట్టుకుని
చెవులు రెండూ వేలితో తాకింది.

"రిజిస్టరు తియ్యి."
అధ్యయనం ఎప్పుడో ముగిసింది డాక్టర్, అన్నాను.
"ఆరువందల నలభై ఒకటి" అంది.
"స్త్రీ. అరవై నాలుగు. రాస్తున్నావా?"