టన్ను అంటే

సముద్రాన్ని నేను చూసింది రెండు సార్లే.
ఒకసారి పెళ్ళైన కొత్తలో, మెరీనాలో,
చెప్పులు చేత పట్టుకుని.
రెండోసారి పాత పుస్తకాల కోసం పోయి,
బస్సుకింకా గంట టైముందని.

మిగతా నీళ్ళన్నీ కాగితం మీదే.
గిరింపేట సందులో, మా ముందు గదిలో
నూట పదకొండు పుస్తకాలు, అన్నీ ఓడలవే.
తెరచాపలు కుట్టే తీరు, తాళ్ళకు వేసే ముడులు,
ఏ నెలలో ఏ గాలి, ఏ రేవులో ఎంత లోతు,
తుఫానుకు పోయిన సరుకుల పట్టీలు.
అట్ట తప్ప లోపలేమీ మిగలనిది ఒకటుంది.
దాన్నీ కొన్నాను,
వీపు మీద బంగారు లంగరు ఉంది మరి.

"కొండల నడిమి ఊర్లో ఓడలేంది నీకు?"
అంటుంది మొగిలమ్మ,
పాత చీర చించిన గుడ్డతో వాటి దుమ్ము తుడుస్తూనే.

నాకు తెలిసిన జవాబు ఒకటే, అదీ సగమే.
ఇరవై ఆరేళ్ళు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర
వేబ్రిడ్జి గదిలో కూర్చున్నాను.
జూన్ వస్తే తోతాపురి లోడ్లు, బారులకు బారులు,
బంగారుపాళ్యం నుంచి, పూతలపట్టు నుంచి.
ట్రాక్టరు ఎక్కుతుంది, అంకె వణుకుతుంది, ఆగుతుంది,
టన్నులు రాస్తాను.
తూకానికి పోతున్న పాత పేపర్ల కట్టలో
దొరికిన మొదటి పుస్తకం చెప్పింది:
టన్ను అంటే మొదట బరువే కాదంట.
పీపా. ద్రాక్షసారా పీపా.
ఒక ఓడ కడుపులో ఎన్ని పీపాలు పడతాయో
అదే దాని లెక్క.
పెన్ను కింద పెట్టేశాను.
బయట ఎవరో రైతు హారన్ కొడుతూనే ఉన్నాడు.

అప్పటినుంచి బోనసులు పోయాయి, ఒక ఉంగరం పోయింది.
మద్రాసులో కాదర్ మొహిదీన్
నాకోసం అని పక్కన పెట్టేవాడు,
నాకోసం అని ధర కూడా పెంచేవాడు.

ఒక పటాల పుస్తకంలో పురుగు ప్రయాణం చేసింది.
ఆఫ్రికా కొసన దూరి, పదహారు పేజీలు తొలిచి
మద్రాసు రేవు పక్కన తేలింది.
వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే
అన్ని సముద్రాలకూ కలిపి ఒకటే చుక్క.
ఏ సరంగూ అంత తిన్నగా వచ్చుండడు.

ఇంకోదాంట్లో, చేతిరాత దినచర్యలో,
తెల్లవాడి వంకర స్పెల్లింగులో ఒక కలాసీ:
మునిగాడు, ఊరు చిత్తూరు, వయసు తెలీదు.
తర్వాత పదకొండు రోజులూ గాలి గురించే.
పన్నెండో రోజు ఆ పేరు మీద అడ్డగీత.
కారణం లేదు. సిరా మాత్రం వేరే.
రాసినవాడికి అది ఉత్త పేరు.
తెలుగులో చదివితే, జరిగిన పని.
ఆ పేజీ నేనెవరికీ చూపించలేదు.

అప్పుడొచ్చింది నీవా.
ముళ్ళకంపలు, ఇసుక గుంటలు, పందులు తప్ప
ఏళ్ళ తరబడి ఏమీ పారని ఏరు,
నవంబరు రాత్రి గడప దాటి
నా మంచం కోళ్ళు తడిమింది.
పక్కింటి ధనకోటి
గుజ్జు నింపే నీలం డ్రమ్ములు రెండు దొర్లించుకొచ్చాడు.
"ఏయి ముందు సామీ?"
ఏవి ముందు?
చేతికందినవి అందించాను.
మూతలు బిగించి తాడు కడుతుంటే
నేనెప్పుడూ వేయని ముడి ఒకటి
బొమ్మల్లో చూసిందే, వేళ్ళు వాటంతటవే వేశాయి.

తెల్లారేసరికి సందులో నడుము లోతు నీళ్ళు.
కిటికీ కమ్మీకి కట్టిన డ్రమ్ములు రెండూ
మెల్లగా ఊగుతున్నాయి.
మిద్దె మెట్ల మీద నుంచి మొగిలమ్మ
"నీ ఓడలు తేలినాయి పో" అంది.

నలభై మూడు దక్కాయి.
ఆ దినచర్య దక్కలేదు.
ఫ్యాక్టరీలో మిగిలిపోయిన పాత వేబ్రిడ్జి చీటీ ఒకటి తీసి
బండి నంబరు రాసే చోట ఆ పేరు రాశాను.
ఎక్కడి నుంచి: చిత్తూరు.
బరువు గడి దగ్గర పెన్ను ఆగింది,
కింద అంకె ఇంకా వణుకుతున్నట్టు.