రెండు ట్యాంకుల బండి

ఏనుగు చవగ్గానే దొరికింది.
"అంకుశానికే ఆస్తులమ్ముకోవాలి" అన్నాడు వాటీ
కారు కిందినుంచి, బూట్లు మాత్రమే బయటికి కనబడుతూ.

పద్దెనిమిది వందల పౌండ్లు.
ఫ్రేజర్‌బరా రేవులో ముప్ఫయ్యొక్క ఏళ్ళు
హాడక్ చేపల పొట్టలు చీల్చిన చేతులతో
నోటు నోటుకీ వేలు తడి చేసుకుని లెక్కపెట్టాను.
ఎనభై నాలుగు నాటి జాగ్వార్.
ముదురు ఆకుపచ్చ, నాచు పట్టిన రాయిలా.
బ్యాంకు మేనేజరు ఫార్కర్‌ది. ఆయన పోయి రెండేళ్ళు.
మా డోడ్ పడవ అప్పు కాగితాన్ని
బల్ల మీద ఇటువైపుకి నెట్టేసిన సాయంత్రం
ఇదే కారు మా మీద బురద చిమ్మకుండా
ఎంతో మర్యాదగా పక్కనుంచి వెళ్ళింది.
ఆ మర్యాదే నాకు గుర్తుండిపోయింది.

కొనే ముందు వాటీ రెండే చెప్పాడు.
ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్ళు,
ముందే వేడి చేసి ఉంచితే ఏదో దాస్తున్నట్టే.
గుడ్డలో చుట్టిన అయస్కాంతం పట్టుకెళ్ళు.
వెళ్ళాను. డాక్టరమ్మలా ఒళ్ళంతా తడిమాను.
వెనక చక్రం వంపు దగ్గర
అయస్కాంతం జారి చేతిలో పడింది.
అక్కడ ఇనుము లేదు. పుట్టీ, దానిమీద రంగు,
రంగుమీద పరువు.
అయినా కొన్నాను.

"పులిని తెచ్చి పెరట్లో కట్టావు, ఏం పెడతావు?" అన్నాడు డోడ్.
అడిగినవన్నీ పెట్టాను.
రబ్బరు గొట్టాలు, రేడియేటరు, తలుపు కింద కొత్త రేకు.
వెనక బ్రేకులు చక్రాల దగ్గరుండవట దీనికి,
పేగుల్లా కడుపులో దాచారట;
వాటి కోసం వాటీ మూడు శనివారాలు
నేలమీద వెల్లకిలా పడుకుని
దాన్ని గీసినవాడి వంశాన్నంతా తిట్టాడు.
ఎడమ ట్యాంకు తూట్లు పడింది. కొత్తదాని ధర విని
కుడిదొక్కటే చాలన్నాను.
ఒక్క కిడ్నీతో మా చెల్లెలు బతకట్లేదా.

చలికాలం రోడ్డు మీద ఉప్పు చల్లుతారు,
చల్లకపోయినా సముద్రం ఊరుకోదు.
బయటికి తీసిన ప్రతిసారీ
నీళ్ళ గొట్టంతో దాని అడుగు కడుగుతాను,
నా కాళ్ళు కడుక్కోకముందే.
తోలు సీట్లకి వేళ్ళతోనే మైనం రాస్తాను.
నిమ్మకాయకి లొంగని చేపల వాసన
తోలు వాసనలో కలిసి
ఇప్పుడు ఏది ఎవరిదో తెలీదు.
ముందు సీటు అంచున మాత్రం చిన్న చిన్న గాట్లు.
ఎంత రాసినా పూడవు.

సెప్టెంబరులో మిసెస్ ఫార్కర్ ఫోన్ చేసింది,
ఒక్కసారి ఎక్కొచ్చా అని.
ఎనభై ఆరేళ్ళ మనిషి. చేతి తొడుగులు వేసుకుని
గేటు దగ్గరే నిలబడి ఉంది.
నేను ముందు తలుపు తెరిచాను. ఆవిడ వెనక తలుపు పట్టుకుంది.
"ముందు సీటు బ్రాకెన్‌ది" అంది.
బ్రాకెన్ అంటే కుక్క.
"దాని తర్వాత ఇంకోటి వచ్చింది. కుక్కలు మారాయి,
నా చోటు మారలేదు."

బతిమాలి ముందు కూర్చోబెట్టాను.
తొడుగు వేలితోనే గాట్లు తడిమి
"ఇవి బ్రాకెన్ పళ్ళు" అంది,
ఎవరినో పరిచయం చేస్తున్నట్టు.

రోజ్‌హార్టీ దారిలో, సముద్రం పక్కన,
పడవ అప్పు సంగతి చెబుదామని
గొంతు సవరించుకున్నాను.
సరిగ్గా అప్పుడే ఆవిడ చెయ్యి చాపి
వాల్‌నట్ చెక్క మీదున్న మీట నొక్కింది.
"ఇన్నేళ్ళూ వెనకనుంచి చూశాను దీన్ని.
నొక్కితే ఏమవుతుందో అడగనిచ్చేవాడు కాదు."

ఖాళీ ట్యాంకు.
జాగ్వార్ రెండుసార్లు దగ్గి, ఒకసారి ముందుకి తూలి
రోడ్డు పక్క గడ్డిలో ఆగిపోయింది.
"ఓహో" అంది మిసెస్ ఫార్కర్. "ఇదా."

గాలికి కారు కొంచెం ఊగింది.
తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.
నేను మీట వెనక్కి నొక్కి తాళం తిప్పాను.
మూడోసారికి ఆవిడ నవ్వుతోంది.
నాలుగోసారికి అంటుకుంది.