తలుపులున్న అక్షరాలు

పర్లాకిమిడి బజార్లో పాతకాగితాల కొట్టువాడు
కిలో లెక్కన తూచాడు.
బొమ్మల పుస్తకమని తెలిస్తే
ఇంకో పది వేస్తాడని
నోరు మెదపకుండా సంచిలో కుక్కి
గుణుపురం రైలెక్కాను.
అక్కడితో పట్టాలు అయిపోతాయి. ఆపైన కొండలే.

అంగన్‌వాడీ చాపమీద పదకొండుమంది.
తవిటిరాజు చూపు ముందు అక్షరాలమీద పడింది:
"అక్కా, ఇయ్యి ఇళ్లా?"
నిజమే.
తెలుగుకి తలకట్టు, ఒడియాకి గొడుగు,
ఈ చైనా రాతకి మాత్రం
గోడలూ తలుపులూ కిటికీలూ.
లోపల ఎవరున్నారో నాకూ తెలీదు.
తెలీదని చెప్పలేదు.

బొమ్మలు చూసి కథ అల్లాను.
ఒక ముసలాయన, ఎండిన ఏరు,
పక్కన వెదురు తోపు.
(దాన్ని చూసి ఎవరూ నోరెళ్లబెట్టలేదు,
వంశధార పిల్లలకి వెదురు కొత్తా?)
మబ్బులో చుట్టలు చుట్టుకుని
వాన మీద పడుకున్న మీసాల పాము.

"పాముకి కాళ్లుంటాయేటి?"
"మీసాలున్నాయి కదే, వాలుగ."
కునీ ఒడియాలో తేల్చేసింది: "కుంభీర!"
ఎప్పుడూ మాట్లాడని సోంబారు
సవరలో ఏదో అన్నాడు.
చివర గొంతు బిగబట్టి వదిలేసే మాట.
దానికి నా దగ్గర అక్షరం లేదు.
ఎందుకో మరి, అందరూ ఆ పేరే ఖాయం చేశారు.

మర్నాడు మళ్లీ అదే కథ కావాలి.
నీళ్లకి ముసలాయన మనవడు వెళ్లాడన్నాను.
"అబద్దం! నిన్న కొడుకన్నావు.
మనవడికి జొరం!"
జొరం సంగతి నేనెప్పుడూ చెప్పలేదు.
నాకంటే ముందే
ఆ తలుపులు తోసుకుని వెళ్లొచ్చినట్టున్నారు.

చివరి బొమ్మలో వాన కురుస్తుంటే
అందరూ రెండేసి పుల్లలతో అన్నం తింటారు.
ఆవేళ గుడ్ల రోజు.
నా కొండచీపురు సగం మాయం.
పదకొండు గుడ్ల వెంట ఇరవైరెండు పుల్లలు,
ఒక్కటీ చిక్కదు.
సోంబారుది ఎగిరి, దొర్లి
బీరువా కిందికి పోయింది.
ఏడుస్తాడనుకున్నాను.
బోర్లా పడుకుని, చీకట్లోకి
ఆ పేరు పెట్టి పిలిచాడు,
తినెయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు.

వాడికి ఇంకోటి ఒలిచిచ్చాను.
రిజిస్టర్లో పన్నెండని రాశాను.
పన్నెండోది ఎవరికని
సూపర్‌వైజరు అడిగితే ఏం చెప్పను?
ఆ మాట నాకింకా
సరిగ్గా పలకడం లేదు.