గురిగింజ

వోరు ఊళ్లో రొట్టెల కొట్టు వెనక సందులో
పిరెత్ తుపాకులు బాగుచేస్తుంది.
సెప్టెంబరు చివరి బుధవారం, పొద్దుగూకే వేళ,
తడిసిన కోటుతో ఆర్వెద్ వచ్చాడు
తండ్రినాటి తుపాకిని దుప్పట్లో చుట్టుకుని,
జ్వరపడ్డ బిడ్డను ఎత్తుకొచ్చినట్టు.

"ఓట్సు చేలో పందులు పడుతున్నాయి.
మునిమాపు కాగానే ముందుగింజ మాయమైపోతోంది.
గొట్టం ఉంటుంది, చేను ఉంటుంది, పంది ఉంటుంది.
నడుమ గురి ఒక్కటే ఉండదు."

గొట్టం కొసన ఇత్తడి గింజ,
రెండు తరాల బొటనవేళ్లకు అరిగి నున్నబడింది.
వాళ్ల నాన్న అనేవాడట:
గింజ కనబడకపోతే ఇంటికి పో,
అది అడవి వేసుకునే గడియ.

నిరుడు ఆర్వెద్ పోలేదు.
ఉండాల్సిన చోటే ఉంటుందిలెమ్మని
కనబడని గింజతో పేల్చాడు.
తెల్లవార్లూ చిత్తడిలో
కుక్క ముందు, లాంతరు వెనక.
మూడోనాడు దొరికింది,
కాకులు చెబితే.

ఇదంతా అతను బల్లకేసి చూస్తూ చెప్పాడు.

పిరెత్ సొరుగు లాగింది.
పచ్చగా మెరిసే గాజుపోగు గింజ:
"ఇది ఎండ తాగి బతికేది,
పొద్దుతోపాటే పడుకుంటుంది."
తనంతట తాను వెలిగే చిన్న గొట్టం:
"పన్నెండేళ్లకు సగం ఆరిపోతుంది.
అయినా గింజ వెలిగితే పంది వెలగదు కదా."
అరలో అన్నిటికన్నా పెద్ద దుర్భిణి మీదికి
అతని చెయ్యి పోయింది. ఆమె ఆపింది.
"అది పోసే వెలుగు పట్టడానికి
నీ కంటిపాప అంత విచ్చుకోదు తాతా.
డెబ్బై దాటిన కన్ను చిన్న గిన్నె.
ఎనిమిదింతలు చూపే ఈ నలభై రెండు చాలు.
డబ్బులు విత్తనాలకు ఉంచుకో."

తలుపు గొళ్లెం వేసి దీపం ఆర్పింది.
"ఇరవై నిమిషాలు కూర్చో. కళ్లు తెరుచుకోవాలి."
"తెరిచే ఉన్నాయిగా?"
"లోపలివి."

గోడ అవతల పొయ్యిలో రొట్టెల వాసన,
ఇవతల తుపాకి నూనె వాసన.
పైకప్పు అద్దంలోంచి మబ్బు రంగు వెలుగు
పిండి జల్లించినట్టు రాలుతోంది.
ఎంతసేపటికో ఆర్వెద్ అన్నాడు:
"లైనె పోయాక ఇంత చీకట్లో
ఇంకో మనిషి పక్కన కూర్చోలేదు."
పిరెత్ ఏమీ అనలేదు.
కుర్చీ మాత్రం కిర్రుమంది.

దుర్భిణిలో ఎర్రచుక్క వెలిగించింది.
"ఏం కనబడుతోంది?"
"చుక్క."
"ఎదురుగోడ మీద?"
"చుక్కే."
గురివింద తన నలుపు ఎరగదు,
వెనకున్న నలుపూ ఎరగనివ్వదు.
మీట తిప్పింది, ఒక మెట్టు, ఇంకో మెట్టు,
నిప్పు నివురై, నివురు అనుమానమై,
ఉందా లేదా అన్నంత సన్నబడేదాకా.
అప్పుడు మెల్లగా, చుక్క చుట్టూ
గోడ వచ్చింది.
మేకు వచ్చింది.
మేకుకు వేలాడే నల్ల తోలు ఏప్రాను,
దాని చిరిగిన జేబుతో సహా వచ్చింది.
"చాలు," అన్నాడు ముసలాయన,
గొంతు గీరుకుపోయి.

దుర్భిణి బిగించడానికి, విప్పడానికి కొక్కేలు అమర్చింది.
"ఇత్తడిది తీసెయ్యనా?"
"ఉండనీ."

శనివారం నుంచీ మంచె మీద ఆర్వెద్ పద్ధతి ఇదీ:
దుర్భిణి జేబులో, గుండెకు ఆనుకుని.
తుపాకి మీద గింజ, గింజ మీద కన్ను.
అది ఆరిపోగానే
గడియారం చూసి పెన్సిలుతో రాసుకుంటాడు.
ఆ తర్వాతే కొక్కేలు తగిలిస్తాడు.

ఏడూ ముప్పై ఒకటి. చారల పిల్లలతో తల్లి. దించాను.
ఏడూ ఇరవై ఎనిమిది. పొగమంచు.
ఏడూ ఇరవై ఆరు. పక్కింటివాళ్ల నల్ల దూడ,
కంచె తెంచుకుని వచ్చింది, తోలుకెళ్లి అప్పగించాను,
కాఫీ ఇచ్చారు.
ఏడూ ఇరవై మూడు.