కామా తర్వాత

గ్రిమ్స్‌బీలో మంగళవారం, సాయంత్రం ఆరున్నర.
లైబ్రరీ మేడమీది గదిలో హీటర్ టకటకమంటోంది.
తొమ్మిదిమంది వచ్చారు,
ఆరుగురి ఒంటిమీద ఇంకా చేపవాసన.
బోర్డు మీద రాశాను:
"బస్సు కోసం పరుగెత్తుతూ, గొడుగు జారిపోయింది."

ఎవరు పరుగెత్తారు? అన్నాను.
గొడుగు, అన్నాడు రెబ్వార్. ఒంటికాలి మీద, పాపం!
గదంతా నవ్వింది.
ఇరవై రెండేళ్లుగా ఇదే గొడుగు, ఇదే నవ్వు.
నవ్వు తగ్గాక సూత్రం చెబుతాను.
అసమాపక క్రియ తనంతట తాను నిలబడలేదు.
కామా దాటగానే ఎవరు ఎదురైతే
వాళ్ల చెయ్యి పట్టుకుంటుంది.
అందుకని అక్కడ సరైన మనిషిని నిలబెట్టండి.
ఇంకో మాట, జరిగిపోయినవాటిలోనూ
ముందుది ముందు, వెనకది వెనక.
తాళం వేసి వెళ్లాడు,
వెళ్లి తాళం వేయలేదు.

యోలాంత నవ్వలేదు.
ఎడమచేత్తో సంచిలోంచి కాగితం తీసింది.
కుడిచేతి చూపుడువేలికి కట్టు,
వేలు ఉండాల్సినంత పొడుగు లేదు ఆ కట్టు.
ఫ్యాక్టరీవాళ్ల ప్రమాద నివేదిక,
శుక్రవారంలోగా సంతకం పెట్టాలట.
ఇది కూడా దిద్దండి టీచర్, అంది.

"బెల్టు తుడుస్తూ, స్విచ్ ఆన్ అయింది."
"గ్లవ్ తీసేసి, ఆమె వేలు పోగొట్టుకుంది."

ఎర్రపెన్ను మూత తీశాను.
నా గొడుగు వాక్యమే ఇది.

స్విచ్ బెల్టు తుడవదు, అంది యోలాంత
వచ్చీరాని ఇంగ్లీషులో,
ఒక్కో మాటనీ ముల్లు తీసి పక్కన పెడుతూ.
తుడిచింది నేను.
గ్లవ్ తీసింది నేను కాదు. నర్సు. కత్తెరతో.
వేలు ముందు. గ్లవ్ తర్వాత.

ఈ రెండు వాక్యాలు రాసినతను
ఈ ఊరి బడిలోనే చదివి ఉంటాడు,
నాలాంటిదాని దగ్గరే, బహుశా.
తెలియక జారిపోయిన కర్త వేరు,
తెలిసి దాక్కున్న కర్త వేరు.
రెండింటికీ నా దగ్గర ఉన్నది ఒకటే ఎర్రగీత.

తెల్లకాగితం ఇచ్చాను.
ఎడమచేత్తో మొదలుపెట్టింది,
అక్షరాలు సముద్రపు గాలికి ఒరిగిన కంచెలా.
"నేను బెల్టు తుడుస్తూ ఉండగా,"
కామా దగ్గర ఆగింది.

కింద ఎవరో లైబ్రరీ కిటికీలు ఒక్కొక్కటే మూస్తున్నారు.
రెబ్వార్‌దీ అదే షిఫ్టు.
బల్లమీది గీతలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాడు.
వాళ్ల అద్దెలు, వీసాలు, రేపటి ఆరుగంటల బస్సు
అన్నీ ఆ కామా వెనకే వరసలో నిలబడ్డాయి.
నేను సూత్రం మళ్లీ చెప్పలేదు.

చాలాసేపటికి రాసింది:
"గ్యారెత్ స్విచ్ వేశాడు."

పేరులో ఒక అక్షరం తప్పిపోయింది.
అది
ఎర్రసిరాతో
నేనే రాశాను.